అందాజు పని ఎవరిది?

"ఈ రోజుల్లో కూడా రేకు కొట్టిస్తారా ఎవరైనా? ఫైబర్‌వి దొరుకుతాయిగా, నాలుగూ కలిపి ఒక సెట్టు. బోల్టులు బిగించి రంగు కొట్టించుకుంటే సరి."

పాత కారుకు వెడల్పు టైర్లు వేసి, వాటిని కప్పేలా మడ్‌గార్డుల అంచులు బయటికి తీయించాలనుకుంటున్నానని చెప్పినప్పుడల్లా ఈ మాటే వినబడింది. అన్నవాళ్లు కార్ల సంగతి తెలియనివాళ్లేం కాదు. ఇంజను మొత్తం విప్పి మళ్లీ బిగించగలిగినవాళ్లు, కార్బ్యురేటరు దగ్గర చెవి పెట్టి రోగం చెప్పగలిగినవాళ్లు. అందుకే ఆ మాటను నవ్వి వదిలేయబుద్ధి కాలేదు.

వాళ్ల వాదాన్ని ముందు వాళ్ల తరఫునే చెప్పి చూస్తాను. ఫ్లేర్ అంటే చక్రం చుట్టూ విప్పారిన మడ్‌గార్డు అంచు, అంతకుమించి ఏమీ లేదు. అచ్చులోంచి వచ్చిన ముక్కలు ఎడమకీ కుడికీ ఒక్కలా ఉంటాయి. చేత్తో కొట్టినవి ఏనాడూ అలా ఉండవు. కాబట్టి అచ్చుది కచ్చితమైన పని, చేతిది అందాజు పని. పైగా డబ్బు మిగులుతుంది, రోజులు మిగులుతాయి. ఇంకా చేతి పనే కావాలనేవాళ్లది ఘంటసాల రికార్డుల మీద ఉండే మమకారం లాంటిది. దాన్ని తప్పు పట్టక్కర్లేదు గానీ పట్టించుకోనూ అక్కర్లేదు.

డబ్బు, రోజుల సంగతి మారుమాట లేకుండా ఒప్పుకుంటున్నాను. ఫైబర్ చవక, ఫైబర్ తొందర. నా పేచీ అంతా ‘కచ్చితం’ అన్న ఆ ఒక్క మాటతోనే.

దేనికి కచ్చితం? అచ్చు ఆకాశంలోంచి ఊడిపడదు. ఎక్కడో ఒక షెడ్డులో ఎవరిదో ఒక కారు మీద దాన్ని తీస్తారు. ఆ కారు మడ్‌గార్డు ఎలా ఉందో అచ్చు అలా ఉంటుంది. నా కారు ప్రీమియర్ పద్మిని. బొంబాయి కుర్లా ఫ్యాక్టరీలో 1964 నుంచి ఫియట్ 1100డి పేరుతో తయారై, మధ్యలో ప్రెసిడెంట్ అనిపించుకుని, 1974లో పద్మిని అయిన బండి. ఆ వరసలో నాది 1976ది. ఈ యాభై ఏళ్లలో దాని ఒంటి మీద ఏమేం జరిగాయో నాకే పూర్తిగా తెలియదు. ఎవరో వెనక నుంచి గుద్దారు, ఎవరో లాగి సరిచేశారు, ఎక్కడో తుప్పు కోసి అతుకు వేశారు. ఒక ఆదివారం ఎడమ వెనక చక్రం మీద అట్ట ఆనించి మడ్‌గార్డు వంపు గీసుకుని, కత్తిరించి, అదే అట్టను తిరగేసి కుడివైపు పెట్టి చూశాను. నడినెత్తి దగ్గర కలిసింది. బంపరు వైపుకు వచ్చేసరికి చిటికెన వేలు దూరేంత ఎడం వచ్చింది.

ఈ కారు మీదికి ఎడమా కుడీ సరిసమానంగా ఉన్న జత తెచ్చి పెడితే ఏమవుతుంది? ఒకటి కూర్చుంటుంది, రెండోది కూర్చోదు. కూర్చోనిదాన్ని స్క్రూలతో బలవంతంగా లాగుతారు, అది మెలితిరుగుతుంది. మిగిలిన సందును పుట్టీతో పూడ్చి, కాగితం పట్టి నున్నగా రుద్దుతారు. ఆ పుట్టీ ఎంత మందం, ఏ వంపులో పోవాలి అనేది ఎవరు నిర్ణయించారు? ఆ సాయంత్రం ఉన్న కుర్రాడి చెయ్యే. అందాజు ఎక్కడికీ పోలేదు, సుత్తిలోంచి పుట్టీలోకి మారిందంతే.

ఇది పైకి కనబడే సంగతి. కనబడనిదాని గురించి ఫైబర్ పక్షం వాళ్లు మాట్లాడగా నేనింతవరకు వినలేదు. నన్నడిగితే అసలు వ్యవహారమంతా అక్కడే ఉంది.

లారీకున్నట్టు ఇలాంటి కార్లకు విడిగా చాసిస్ ఉండదు. 1953లో ఫియట్ వాళ్లు 1100ని కొత్తగా తెచ్చినప్పుడే బాడీయే చాసిస్ పని కూడా చేసేలా కట్టారు. ఇలాంటి బాడీల్లో వెనక చక్రం పైన ఒక రేకు కాదు, రెండుంటాయి. బయటిది మనం చూసే మడ్‌గార్డు. లోపలిది చక్రానికి గొడుగు పట్టినట్టుండే గిన్నె. ఈ రెండూ చక్రం నోటి అంచు దగ్గర ఒకదానికొకటి ఆనుకుంటాయి. అక్కడ వరసగా స్పాట్ వెల్డింగ్ చుక్కలు పడతాయి. మనం వేలు పెట్టి తడిమితే తగిలే ఆ మడత ఏదో సోకు కోసం తిప్పినది కాదు. రెండు రేకులు చేతులు కలిపి బరువు పంచుకునే చోటు.

వెడల్పు టైరు పట్టాలంటే ఆ మడత కోయక తప్పదు. కోయగానే రెండు రేకులూ విడిపోతాయి, మధ్యలో సందు నోరు తెరుస్తుంది. ఫైబర్ బిగించేవాడికి ఆ సందుతో పనిలేదు, పైన ఫ్లేర్ కప్పేస్తుంది గనక. రంగు వేస్తారు, ఫోటోలు దిగుతారు, కారు రోడ్డెక్కుతుంది. తర్వాత వానలు వస్తాయి. టైరు విసిరే బురదంతా ఆ సందులోకి చేరి, ఎండని చోట నెలల తరబడి తడి పట్టుకుని కూర్చుంటుంది. ఫైబర్‌కు తుప్పు పట్టదన్నది నిజమే. దాని వెనకున్న ఇనుముకు పడుతుంది, అదీ ఫైబర్ చాటున ఎవరికీ కనబడకుండా. రివెట్టు కోసం వేసిన ప్రతి బెజ్జమూ ఇంకో మొదలు. నాకు తెలిసిన ఒకాయన తన కారు ఫ్లేర్ కొంచెం వదులైందని స్క్రూ విప్పబోతే, స్క్రూతో పాటు మడ్‌గార్డు ముక్క కూడా చేతికి వచ్చింది. బిగించిన షెడ్డు పేరు ఎందుకులెండి, అలాంటివి ఊరికి పది.

చేత్తో కొట్టే మేస్త్రి ఈ సందు దగ్గరే పని మొదలుపెడతాడు. మా కారుకు పనిచేసినాయన మొదటి రెండు రోజులు బయటి రేకు జోలికే పోలేదు. లోపలి గిన్నె అంచును గాట్లు పెట్టి, ఒక్కో పలకనూ బయటికి వంచి, మధ్య సందుల్లో కోణపు ముక్కలు అతికి, కొత్త అంచు ఎక్కడికి రాబోతోందో అక్కడికి దాన్ని చేర్చాడు. "మేస్త్రిగారూ, ఫ్లేర్ ఎప్పుడు మొదలెడతారు?" అని మూడో రోజు ఆత్రంగా అడిగాను. "ఇదే ఫ్లేరు బాబూ, మీరు చూసేది దాని చొక్కా" అన్నాడు.

ఇక ఆ చొక్కా సంగతి. ఇక్కడే ‘అందాజు’ అనే నింద పూర్తిగా తలకిందులవుతుంది.

ముందు ఆరు మిల్లీమీటర్ల ఇనుప కడ్డీ ఒకటి తీసుకుని, కొత్త టైరు బిగించిన చక్రం చుట్టూ కావలసినంత ఎడం ఉండేలా వంచాడు. సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు టైరు ఎంత పైకి వస్తుందో స్ప్రింగు తీసి, జాకీతో ఎత్తి చూసుకున్నాడు. ముందు చక్రాలకైతే స్టీరింగు రెండు పక్కలకీ తిప్పి మరీ చూశాడు. ఆ కడ్డీని చిన్న చిన్న ముక్కలతో బాడీకి తాత్కాలికంగా అతికాడు. ఫ్లేర్ బయటి అంచు గాల్లో గీతలా నిలబడింది. తర్వాత ఆ గీతకూ బాడీకీ మధ్య దళసరి కాగితం పరిచాడు. ఏ యంత్రమూ చెప్పలేనిది ఆ కాగితం చెబుతుంది. ఉబ్బుగా ఉండాల్సిన చోట కాగితం అంచులు ముడతలు పడతాయి, అంటే అక్కడ రేకు అంచు ముడుచుకోవాలి, లేదా నడుమ సాగాలి. ఫ్లేర్ వచ్చి బాడీలో కలిసే లోతు దగ్గర కాగితాన్ని కత్తెరతో చీలిస్తే గానీ పడుకోదు, అంటే అక్కడ రేకు అంచు సాగాలి. చీలిన ప్రతిచోటా ఎంత నోరు తెరుచుకుందో పెన్సిలుతో రాసుకున్నాడు. ఆ కాగితమే నక్షా. ఇది నా కారు ఎడమ వెనక చక్రం నక్షా, లోకంలో ఇంకే కారుకూ పనికిరాదు. కొలత అంటే ఇది కాక ఇంకేమిటి?

తర్వాత 20 గేజు రేకు, మిల్లీమీటరు మందానికి కాస్త తక్కువ. సాగదీయడం తేలికే. ఇనుప దిమ్మె మీద పెట్టి కొడితే రేకు పల్చబడి విస్తరిస్తుంది, ఎవరైనా చేయొచ్చు. కష్టమంతా ముడవడంలో ఉంది. చీర కుచ్చిళ్లు పోసినట్టు రేకు అంచుకు చిన్న చిన్న మడతలు పెట్టి, ఆ మడత విచ్చుకునే వీలు లేకుండా కొస నుంచి మొదలుపెట్టి కర్ర సుత్తితో దాన్ని దానిలోకే అణచాలి. లోహం వెనక్కి జరిగి మందమవుతుంది. తొందరపడి మడత మీద నేరుగా మోదితే అది నలిగి, గీత పడి, అక్కడే చిట్లుతుంది. కొట్టగా కొట్టగా రేకు గట్టిపడి మాట వినడం మానేస్తుంది. అప్పుడు గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి, నెమ్మదిగా చల్లారనిచ్చి, మెత్తబరిచి మళ్లీ మొదలెట్టాలి. చిట్టచివర చక్రం వైపు తిప్పే సన్నటి మడత ఇంకో పరీక్ష. వంపు లోపలి అంచు గనుక అది పూర్తిగా సాగాలి. ఒక్క చోటే సాగితే చీలుతుంది, మొత్తం మీద సమానంగా పంచాలి.

ఇవన్నీ మనకు పరాయి విద్యలన్నట్టు మాట్లాడేవాళ్లను చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పలకగా ఉన్న ఇత్తడి రేకును గంగాళం చేసిన కంచరి ఏం చేశాడు? ముడవడం, సాగదీయడం, కాల్చి మెత్తబరచడం. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకును లక్క మీద పరిచి, వెనక నుంచీ ముందు నుంచీ కొట్టి, దేవుడి వాహనాలకూ గుడి తలుపులకూ తొడుగులు చేస్తున్నవాళ్లు ఈ రోజుకూ ఉన్నారు. పనిముట్లు వేరు, పని వేరు, నిజమే. కానీ రేకు ఎక్కడ ఎక్కువైందో ఎక్కడ చాలలేదో చెయ్యి కనిపెట్టే తెలివి మాత్రం ఒక్కటే. ఈ మధ్య కొందరు కుర్రవాళ్లు విదేశీ వీడియోల్లో రెండు చక్రాల మధ్య రేకును నడిపించే మిషను చూసి, అది లేకపోతే ఇలాంటి పని కుదరదంటున్నారు. ఉంటే మంచిదే, పెద్ద ఉబ్బులు నున్నగా, త్వరగా వస్తాయి. కానీ ఫ్లేర్ లాంటి ఇరుకు వంపుల్లో ఇసుక సంచీ, దిమ్మె, నాలుగు సుత్తులే చాలాసార్లు దాన్ని మించుతాయి.

ఇప్పుడు అవతలివాళ్ల చేతిలో ఉన్న అసలైన ముక్క దగ్గరికి వస్తాను. దాన్ని తప్పించుకుపోవడం న్యాయం కాదు. "కంపెనీవాళ్లే బోల్టులతో బిగించారు కదా!" బిగించారు. 1970 నాటి నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ రెండు తలుపుల కారు వెనక ఫ్లేర్లు విడిగా చేసి బిగించినవే. 1971లో జపాన్‌లో అమ్మిన ఫెయిర్‌లేడీ 240జడ్‌జీవి కూడా అంతే. 1973 బీఎండబ్ల్యూ 2002 టర్బో ఫ్లేర్ల బోల్టులు అందరికీ కనబడుతూనే ఉంటాయి. ఈ మూడూ ఇవాళ మంచి ధర పలికే పాత కార్లు. వాటిని చూసి ముక్కు చిట్లించేవాడికి కార్ల మీద ప్రేమ ఉందనుకోను.

అయితే అవి ఏ పరిస్థితిలో బిగించినవి? కొత్త బాడీలు, ఒకే డై నుంచి ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. ఎవరూ గుద్దలేదు, ఎవరూ అతకలేదు. అక్కడ అచ్చు ముక్క నిజంగానే కచ్చితం, ఎందుకంటే ఎదురుగా ఉన్న కారు కూడా అచ్చు ముక్కే. యాభై ఏళ్ల పద్మిని అలాంటిది కాదు. ఇంకో సంగతి, ఆ కార్లు తమ బోల్టుల్ని దాచుకోలేదు. విడి ముక్క విడి ముక్కలాగే కనబడింది, విప్పితే వచ్చింది. మన షెడ్లలో జరిగేది వేరు. ఫైబర్‌ను జిగురుతో అంటించి, అతుకు మీద పుట్టీ పరిచి, బాడీలో కలిసిపోయినట్టు రంగు వేస్తారు. ఎండకు ఇనుమొకలా సాగుతుంది, ఫైబర్ ఇంకోలా సాగుతుంది. రెండు వేసవులు గడిచేసరికి అతుకు వెంట రంగులో సన్నటి వెంట్రుక లాంటి గీత మొదలవుతుంది. నాకు బోల్టుతో గొడవ లేదు, దాన్ని దాచే పుట్టీతోనే ఉంది.

అదే 1973లో పోర్షే వాళ్లు 911 కరేరా ఆర్‌ఎస్ చేశారు. ముందు 6 అంగుళాల చక్రాలు, వెనక 7. ఆ వెనక చక్రాల కోసం మడ్‌గార్డులనే ఉక్కులో వెడల్పు చేశారు. పక్క నుంచి చూస్తే ఎక్కడ మామూలు 911 అయిపోయి ఎక్కడ ఫ్లేర్ మొదలైందో వేలు పెట్టి చూపించలేం. అవీ ఫ్యాక్టరీలో వచ్చినవే, చేత్తో కొట్టినవి కావు. నేను చెప్పేదల్లా, ఆ కలిసిపోయే గుణం పాత బాడీ మీద కావాలంటే దాన్ని ఆ బాడీ మీదే పుట్టించాలని.

ఎడమా కుడీ సమానంగా ఉండవన్న నింద మిగిలింది. ఉండవు. 1962 నుంచి 1964 వరకు ఫెరారీ 250 జీటీఓ కార్లు 36 తయారయ్యాయి. స్కాలియెట్టి షెడ్డులో అల్యూమినియం రేకు కొట్టి చేసిన ఆ బాడీల్లో ఎడమ పక్క కుడి పక్కతో మిల్లీమీటరుకు మిల్లీమీటరు కలవదు. ఈ భూమ్మీద అత్యధిక ధర పలికిన కార్లలో అవి ఉన్నాయి. కానీ ఈ ఉదాహరణ మీద నేను ఎక్కువ బరువు పెట్టను. ఖరీదైన తప్పు ఒప్పైపోదు. మనిషి ఒకేసారి కారు రెండు పక్కలూ చూడలేడు. చక్రానికీ అంచుకీ మధ్య ఎడం సమానంగా ఉందా, వెలుగు గీత తెగకుండా పారిందా అన్నవే కంటికి తెలుస్తాయి. ఆ రెండూ ఒక్కో పక్కన విడివిడిగా తేల్చాల్సిన విషయాలు.

ఇంతసేపూ అవతలి పక్షాన్ని తిట్టాను, ఇక మా పక్షం వంతు. చేతి పనికి అందాజు పనన్న పేరు ఊరికే రాలేదు. తెచ్చిందీ చేతి పనివాళ్లే. రేకును ఒక గాటు కోసి, బయటికి వంచి, సందుల్లో ఏదో తగరపు ముక్క అడ్డం పెట్టి, సీవోటూ వెల్డింగుతో చుక్కలు కొట్టి, గ్రైండరుతో అరగదీసి, దాని మీద అర అంగుళం పుట్టీ మెత్తితే అది కూడా చేతి పనే అనిపించుకుంటోంది. దాని కన్నా ఫైబర్ వెయ్యి రెట్లు నయం, ఈ మాట రాసి సంతకం పెడతాను. మంచి అతుకు అంచుకు అంచు ఆని ఉంటుంది, ఒకదాని మీద ఒకటి ఎక్కదు. ఎక్కితే మధ్యలో నీళ్లు నిలుస్తాయి. వెల్డింగు చల్లారేటప్పుడు ముడుచుకుని చుట్టూ ఉన్న రేకును లాగేస్తుంది. గ్యాసుతోనో ఆర్గాన్‌తోనో అతికితే అతుకు మెత్తగా ఉంటుంది గనుక వెనక డాలీ, అంటే చేతిలో పట్టే ఇనుప దిమ్మె, పెట్టి కొట్టి దాన్ని మళ్లీ సాగదీయొచ్చు. సీవోటూ గీత గట్టిగా ఉండి సుత్తికి లొంగదు, అందుకే గ్రైండరు, అందుకే పుట్టీ. పని ముగిశాక పల్చటి నూలు గుడ్డ అడ్డం పెట్టుకుని అరచేత్తో తడిమితే మిట్టా పల్లం తెలిసిపోతాయి. వట్టి చేతికి చర్మం అడ్డుపడుతుందట, గుడ్డకు పడదట.

మా పక్షంలోనే ఇంకో రకం వాళ్లున్నారు, చేతి పని పేరెత్తగానే గొంతు బొంగురుపోయేవాళ్లు. "అదొక కళండీ, అంతరించిపోతోందండీ." వీళ్లు చేసే హాని పుట్టీ మెత్తేవాళ్ల కంటే తక్కువేమీ కాదు. కళ అనగానే దాన్ని గోడకు తగిలిస్తారు. గోడకు తగిలించినదాన్ని చూసి చప్పట్లు కొడతారు తప్ప పని అప్పగించరు. మా మేస్త్రి తనని కళాకారుడనడం ఒప్పుకోడు. ఆయన లెక్కలో ఇది కొలత పని. కొలత తప్పితే టైరు అంచు కోసుకుంటుంది.

నేనేం పోగొట్టుకున్నానో కూడా చెప్పాలి, లేకపోతే ఈ వాదం సగమే. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన కారు వింటేజి రిజిస్ట్రేషన్‌కు అర్హమవుతుంది, కానీ బాడీ, చాసిస్, ఇంజను మార్చకుండా ఉంటేనే. మడ్‌గార్డు కోసిన రోజునే నా పద్మిని ఆ గౌరవం వదులుకుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సంగతి సరేసరి, ఆర్సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండి మార్చడం కుదరదంటుంది. కనుక ఈ కారు ఊళ్లో తిరగదు. ట్రైలరు మీద ఎక్కి శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకుకు వెళ్తుంది, తిరిగి ట్రైలరు మీదే వస్తుంది. నెల్లూరు దాటి మద్రాసు వెళ్లే దారిలోనే వస్తుంది షోలవరం. అక్కడి పాత విమానాల రన్‌వే మీద ఒకప్పుడు ఇలాంటి ఫియట్లే పందాల్లో పరిగెత్తాయి. ఆ లెక్కన దాని దారి కొత్తదేం కాదు. అసలు రూపం చెడగొట్టానని నన్ను తిట్టేవాళ్లతో నాకు పేచీ లేదు, ఆ నేరం చేశాను. కానీ వాళ్లు ఫైబర్ పక్షం వాళ్లు కారు. ఆ రెండు వాదాల్నీ కలిపి నా మీదికి రావద్దనే మనవి.

ఎడమ పక్క రెండూ అయ్యాయి. ఇంకా రంగు లేదు, పుట్టీ లేదు, వట్టి రేకు మీద సుత్తి మచ్చలు. కుడివైపు మొదలెట్టే రోజున, పని తగ్గుతుందేమోనన్న ఆశతో, ఎడమవైపు కాగితాన్ని తిరగేసి మేస్త్రి ముందు పెట్టాను. ఆయన దాన్ని చూశాడు, మడిచి నా చేతికే ఇచ్చాడు. కుడి చక్రం దగ్గర గొంతుక్కూర్చుని కొత్త కడ్డీ అందుకున్నాడు.

"జాకీ ఎత్తండి బాబూ" అన్నాడు.